కౌమారదశయందు మానసిక చికిత్సకు సమ్మతి

18 ఏండ్లు నిండని రోగి తన మనోవ్యాధి చికిత్సను గూర్చి తానే నిర్ణయించుకొనగలడా యను ప్రశ్నకు నేడు ఎల్లరును ఆధారముగ జూపు ఆంగ్లతీర్పు నిజమునకు మనోవ్యాధికి సంబంధించినదే కాదు. 16 ఏండ్లలోపు బాలికలకు, తల్లిదండ్రు లెఱుగకున్నను, విశేషపరిస్థితులలో గర్భనిరోధక సలహా నీయవచ్చునని 1980లో ఆరోగ్యశాఖ వెలువరించిన సూచనను ఎదిరించి విక్టోరియా గిల్లిక్ అను తల్లి నడపిన వ్యాజ్యమున, 1985లో ప్రభువుల సభ, ముగ్గు రొకవైపును ఇద్దరొకవైపును నిలువగా, ఆమెకు వ్యతిరేకముగ దీర్పు చెప్పెను. ప్రతిపాదిత చికిత్సను సమగ్రముగ గ్రహింపజాలిన తెలివి బిడ్డకు గలిగిననాడు జనకుల యధికారము తొలగి దారి యీయవలెనని స్కార్మన్ ప్రభువు అందు నిర్ణయించెను.

ఈ సూత్రము మానసిక వైద్యశాలలో నడుగిడినంతనే చిక్కుబడెను. 1991లో, ఉన్మాదము పొడసూపుచు నణగుచు నుండిన 15 ఏండ్ల బాలిక యొకతె తెలివి నిర్మలమైన వేళలలో మందులు వలదనగా, ఒకనాడుండి మఱునాడు లేకపోవు గ్రహణశక్తిని సామర్థ్యముగ నెన్నరాదని అప్పీలు న్యాయస్థానము తేల్చెను. సమ్మతి యనునది చికిత్సాద్వారపు తాళపుచెవి యనియు, అది బాలిక చేతను తల్లిదండ్రుల చేతను గూడ నుండుననియు డొనాల్డ్‌సన్ ప్రభువు అప్పుడు పలికెను. మఱుసటి యేడు, అనొరెక్సియా యను ఆహారవిముఖతా వ్యాధితో గృశించుచు వేఱొక వైద్యశాలకు దరలుటకు నిరాకరించిన 16 ఏండ్ల అనాథబాలిక వ్యాజ్యమున ఆయనయే, తాళపుచెవి తెఱచుటకే గాక మూయుటకును పనికివచ్చునని ఆ యుపమానమును విడిచి, సమ్మతి వైద్యుని అభియోగములనుండి కాపాడు కవచమనియు, బాలిక యీయకున్నను ఇతరు లీయవచ్చుననియు సవరించెను. చికిత్సను నిరాకరింపజేయుటయే ఆ వ్యాధి స్వభావమని గుర్తించుట యుక్తమే. ఐనను ఈ కవచము వైద్యుని భద్రతను గూర్చినదే గాని రోగి మాటకు గల విలువను గూర్చినది గాదు. ఔననుటకు లభించిన హక్కు కాదనుటకు లభింపలేదు. ఆసుపత్రిలో జేరుట యను నొక్క విషయమున మాత్రము, సామర్థ్యముగల 16, 17 ఏండ్లవారి నిరాకరణమును తల్లిదండ్రులు త్రోసిపుచ్చరాదని 2007 నాటి ఆంగ్ల మానసికారోగ్య సవరణచట్టము కట్టడి చేసెను.

భారతదేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గ్రహణశక్తిని గాక వయస్సునే హద్దుగ గొన్నది. మైనరును జేర్చుకొనుటకు నామనిర్దేశిత ప్రతినిధి, అనగా సాధారణముగ తల్లియో తండ్రియో, దరఖాస్తు చేయవలెను. చికిత్సకు సమ్మతియు వారిదే. బాలుని యభీష్టము తెలియవచ్చినచో దానిని గమనింపవలెనని మాత్రమున్నది. విద్యుదాఘాత చికిత్సకు సంరక్షకుని సమ్మతియు సమీక్షామండలి ముందస్తు అనుమతియు గావలెను. వైద్యశాలలో నుండగనే 18 ఏండ్లు నిండినచో, వైద్యాధికారి యా రోగిని స్వతంత్రరోగిగ, అనగా తన చికిత్సను తానే నిర్ణయించుకొనువానిగ, వర్గీకరింపవలెను.