బడి గంట మోగకముందే నేర్చుకున్నవాళ్లం



"మీ తాతముత్తాతలకు చదువు లేదు" అన్న మాట మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. టీచర్ ట్రైనింగ్‌లో చేరినప్పుడు మేమూ విన్నాం, నమ్మాం కూడా. ఇన్నేళ్లు హాస్టల్ పిల్లల మధ్య గడిపాక అది సగం నిజమేనని తెలిసింది. వాళ్లకు అక్షరాలు రాకపోవచ్చు. నేర్చుకోవడం మాత్రం బాగా వచ్చు.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో పిల్లలు పశువుల వెంట అడవికి వెళ్లేవారు. పదేళ్లవాడి వెనక ఆరేళ్లవాడు నడిచేవాడు. తునికి పండ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ తీగ ముట్టుకుంటే దురదో, ఏ వాగులో నీళ్లు ఎన్నాళ్లుంటాయో అడిగినవాడికి తెలిసినవాడు చెప్పేవాడు. ఎండాకాలం తెల్లవారుజామున తల్లితో ఇప్పపూలు ఏరిన పిల్లకు గంపలతోనే లెక్క వచ్చేది. దండారిలో ఆట కూడా అంతే. వరుస చివర చేరి, అడుగు తప్పి, మళ్లీ వేసి నేర్చుకునేవారు. వంశాల కథలు ప్రధాన్‌ల కిక్రీ పక్కన కూర్చుని వినేవారు. 2021లో గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ పొందిన మర్లవాయి కనకరాజు గారి కళ ఈ సంప్రదాయంలోదే.

అయితే అక్షరం రాక మనం పోగొట్టుకున్నదీ తక్కువ కాదు. కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నాం. జల్, జంగల్, జమీన్ కోసం లేచిన కుమ్రం భీం చాందాలో ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని పెద్దలు చెబుతారు. అవసరం తెలిసినవాడు అక్షరాన్ని తానే వెతుక్కున్నాడు.

1940లో జోడేఘాట్‌లో భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం మన స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. గూడెం యువకులే పంతుళ్లయ్యారు. ఇంటి మాట బడిలోకి వచ్చింది.

తర్వాత పాలన మారింది, బడి భాషా మారింది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు అన్నం, బట్ట, పుస్తకం ఇచ్చాయి. వాటివల్లే మేము ఈ ఉద్యోగంలో ఉన్నాం. కానీ ఆరేళ్లకే పిల్లలు అడవికీ, తాతకూ దూరమయ్యారు.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్‌లో ఒకటో తరగతి పిల్ల నెల రోజులు నోరు విప్పలేదు. "చదువులో వెనుకబడింది" అని మేమే రాశాం. ఒక ఆదివారం పిల్లల్ని వాగు దాకా తీసుకెళ్లాం. ఆ పిల్ల ముందు నడుస్తూ ఒక్కో చెట్టు పేరు గోండీలో చెప్పింది. అందులో సగం మాకు తెలియవు. మేమూ హాస్టల్‌లో పెరిగినవాళ్లమే. ఆ రాత్రి మేము రాసింది కొట్టేశాం. అప్పటినుంచి ఆదివారం నడకలో పిల్లలు ముందు, మేము వెనక. వాళ్లు చెప్పిన పేర్లే సోమవారం పలక మీద పాఠం.

2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇక పేర్లు మనం సేకరించాలి. ఈ దండారికి ఇంటికి వెళ్లినప్పుడు తాతను, అవ్వను పది చెట్ల పేర్లు అడిగి రాసుకోండి. తిరిగొచ్చేటప్పుడు మీ దగ్గరి హాస్టల్‌కు వెళ్లి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. వాళ్లకు ముందే తెలిసిన పేర్లుంటే, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోండి.