కంప్యూటర్‌లో మీది అడ్మిన్ అకౌంటా? రోజూ అదే వాడుతుంటే ఒక్కసారి ఇది చదవండి

అమలాపురం: కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజు ఏం జరుగుతుందో కోనసీమలో చాలామందికి తెలిసిందే. షాపు కుర్రాడు వచ్చి వైర్లు కలుపుతాడు, విండోస్ వేస్తాడు, ప్రింటర్ పెడతాడు. వెళ్లే ముందు ఒక మాట అడుగుతాడు. "పాస్‌వర్డ్ పెట్టమంటారాండి?" ఇంటాయన సమాధానం రెడీగా ఉంటుంది. "ఎందుకులే బాబూ, మళ్లీ మర్చిపోతాం." "ఆయ్, అలాగేనండి."

అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో అందరిదీ అదే అకౌంట్. నాన్న కొబ్బరి లెక్కలు, బ్యాంకు పనులు అందులోనే. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో అమ్మ వీడియో కాల్ అందులోనే. పిల్లాడి గేములూ అందులోనే. చాలామందికి తెలియని సంగతేంటంటే, విండోస్ వేసినప్పుడు మొదట తయారయ్యే అకౌంట్‌కి అడ్మినిస్ట్రేటర్ అధికారాలు ఉంటాయి. అంటే కంప్యూటర్ తాళంచెవులన్నీ ఆ అకౌంట్ చేతిలోనే. దానికి పాస్‌వర్డ్ లేకపోతే ఆ తాళాలు గుమ్మం మీదే ఉన్నట్టు లెక్క.

అసలు తేడా ఏంటి?

విండోస్‌లో అకౌంట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అడ్మినిస్ట్రేటర్, రెండోది స్టాండర్డ్. ఇల్లు, అద్దె వాటా అనుకోండి. అద్దెకున్నాయన తన వాటాలో మంచం ఎటైనా జరుపుకోవచ్చు, వంట చేసుకోవచ్చు. గోడ పగలగొట్టాలన్నా, పక్క వాటా తలుపు తీయాలన్నా ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి. స్టాండర్డ్ అకౌంట్ ఆ అద్దె వాటా లాంటిది.

స్టాండర్డ్ అకౌంట్‌లో యూట్యూబ్, మెయిల్, వర్డ్, ఎక్సెల్, ప్రింటింగ్, ఆన్‌లైన్ బ్యాంకింగ్ అన్నీ మామూలుగానే నడుస్తాయి. సొంత పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. విండోస్ అప్‌డేట్లు కూడా ఆగవు. కుదరనివి ఏంటంటే: కంప్యూటర్ మొత్తానికి వర్తించే సాఫ్ట్‌వేర్ వేయడం, డ్రైవర్లు ఎక్కించడం, యాంటీవైరస్ లేదా ఫైర్‌వాల్ ఆపేయడం, తేదీ టైమ్ మార్చడం, వేరేవాళ్ల అకౌంట్‌లోని ఫైళ్లు తెరవడం. ఇవి చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదంటే కుదరదని చెప్పేస్తుంది. రోజూ ఇవన్నీ మనకి అవసరమా? నెలకో రెండు నెలలకో ఒకసారి వస్తే ఎక్కువ.

స్క్రీన్ మసకబారి "ఎస్, నో" అని అడిగే బాక్స్ మీరు చూసే ఉంటారు. దాన్ని యూజర్ అకౌంట్ కంట్రోల్ అంటారు. 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. అడ్మిన్ అకౌంట్‌లో ఉన్నా ప్రోగ్రాములు మామూలు అధికారంతోనే మొదలవుతాయి. పెద్ద పని చేయాల్సి వస్తే ఈ బాక్స్ వస్తుంది. విస్టాలో ఇది ప్రతి చిన్నదానికీ వచ్చి జనాన్ని విసిగించింది. దాంతో 2009లో వచ్చిన విండోస్ 7లో కాస్త తగ్గించారు. ఆ విసుగు అలవాటు మాత్రం పోలేదు. బాక్స్ రాగానే చదవకుండా "ఎస్" కొట్టేస్తున్నాం. కొన్నిచోట్ల అయితే "ఈ గోలెందుకు" అని దాన్ని పూర్తిగా ఆపేసి మరీ ఇస్తున్నారు. ఇంతకంటే తప్పు పని ఇంకోటి లేదు.

రెండు అకౌంట్ల మధ్య అసలు తేడా ఈ బాక్స్ దగ్గరే కనిపిస్తుంది. అడ్మిన్‌కి ఒక్క క్లిక్ చాలు. స్టాండర్డ్ వాళ్లకి మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ టైప్ చేస్తేనే పని జరుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టాలంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. "ఇది ఎందుకు అడుగుతోంది?" అనే ఆలోచన వచ్చేది అప్పుడే. పిల్లాడు ఎక్కడినుంచో క్రాక్ చేసిన గేమ్ తెచ్చాడనుకోండి. ఇన్‌స్టాల్ చేసే ముందు "యాంటీవైరస్ ఆపండి, అడ్మిన్‌గా రన్ చేయండి" అని రాసి ఉంటుంది. వాడి దగ్గర అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే ఆ రెండూ అక్కడే ఆగుతాయి. విండోస్‌ని ఫ్రీగా యాక్టివేట్ చేస్తామనే టూల్స్ అడిగేది కూడా సరిగ్గా ఇదే.

ఇది ఉంటే వైరస్ రాదా?

అలా అనుకోవద్దు. ఇక్కడ నిజం నిజంలా చెప్పుకోవాలి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసింది. మన ఏపీలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లు తిరిగి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని స్క్రీన్ మీద మెసేజ్. అది విండోస్‌లోని ఒక లోపాన్ని పట్టుకుని, నెట్‌వర్క్ ద్వారా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఎవరూ దేన్నీ క్లిక్ చేయాల్సిన పని లేకుండానే! అలాంటి దాని ముందు స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకున్నా లాభం ఉండేది కాదు. దాని నుంచి కాపాడుకోడానికి ముఖ్యమైన మార్గం అప్‌డేట్. ఆ అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 7 సంగతి సరేసరి. ఇంకా వాటితోనే నడిపిస్తున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. రాన్సమ్‌వేర్ మీ అకౌంట్‌లో నడిస్తే మీ డాక్యుమెంట్లని, ఫొటోలని తాళం వేయడానికి దానికి అడ్మిన్ అధికారం అక్కర్లేదు. అవి మీ ఫైళ్లే కదా, మార్చే హక్కు మీకుంది, మీ పేరుతో నడిచే ప్రోగ్రామ్‌కీ ఉంటుంది. స్టాండర్డ్ అకౌంట్ అయితే ఆ నష్టం చాలావరకు మీ వాటాతో ఆగుతుంది. పక్క అకౌంట్ ఫైళ్ల జోలికి, విండోస్ లోపలికి వెళ్లడం దానికి కష్టం. అందుకే ముఖ్యమైన ఫైళ్ల కాపీ పెన్‌డ్రైవ్‌లోనో, బయట హార్డ్‌డిస్క్‌లోనో పెట్టి, తీసి పక్కన ఉంచడం తప్పదు.

బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఎనీడెస్క్ వేయమనే మోసగాళ్ల విషయంలోనూ అంతే. ఎనీడెస్క్ లాంటివి ఇన్‌స్టాల్ చేయకుండా కూడా నడుస్తాయి. మీరు కోడ్ చెప్పేస్తే స్క్రీన్ వాళ్లకి కనిపిస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే వాళ్లు లోపల పాతుకుపోవడం కష్టమవుతుంది గానీ, మీరే బ్యాంకు పేజీ తెరిచి ఓటీపీ కొడితే ఏ అకౌంటూ కాపాడలేదు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

నెట్ సెంటర్లకి ఇంకా అవసరం

ఇంట్లో కంటే పెద్ద సమస్య నెట్ సెంటర్లలో ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడికెళ్లినా ఆధార్, పాన్, భూమి కాగితాలు స్కాన్ చేసే సెంటర్లు, దస్తావేజు లేఖరుల కంప్యూటర్లు కనిపిస్తాయి. ఎంతమంది కస్టమర్ల కాగితాలు డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో పడుంటాయో చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఓనర్ పనికీ, కస్టమర్ వచ్చి కూర్చోడానికీ ఒకటే అకౌంట్, అదీ అడ్మిన్. ఎవరైనా వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి ఏదైనా వేసి వెళ్లొచ్చు.

ఇలాంటి చోట కనీసం మూడు అకౌంట్లు ఉండాలి. ఓనర్ రోజూ పనిచేసే స్టాండర్డ్ అకౌంట్, కస్టమర్లు కూర్చునే ఇంకో స్టాండర్డ్ అకౌంట్, ఎవరూ రోజూ తెరవని అడ్మిన్ అకౌంట్. కస్టమర్ కాగితాలు ఓనర్ అకౌంట్‌లోని ఫోల్డర్‌లో ఉంటే కస్టమర్ అకౌంట్ నుంచి అవి తెరుచుకోవు. వేలిముద్ర మెషిన్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివాటి డ్రైవర్లు ఎక్కించేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఒకసారి ఎక్కాక సాధారణంగా స్టాండర్డ్‌లోనే పనిచేస్తాయి. పాత డీటీపీ, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని మాత్రం అడ్మిన్ లేకుండా మొరాయిస్తాయి. అప్పుడు మొత్తం అకౌంట్‌ని అడ్మిన్ చేయకండి. ఆ ఒక్క ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" కొట్టి, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది.

మార్చుకునేది ఎలా?

చాలామంది ఇక్కడే తడబడతారు. కొత్తగా స్టాండర్డ్ అకౌంట్ తెరుస్తారు, అందులోకి వెళ్తే ఫొటోలు లేవు, ఫైళ్లు లేవు, "అన్నీ పోయాయి" అని కంగారుపడి మళ్లీ పాతదానికే వస్తారు. తిరగేసి చేయండి. కొత్తగా తెరవాల్సింది అడ్మిన్ అకౌంట్. ఇప్పుడు వాడుతున్న పాత అకౌంట్‌నే స్టాండర్డ్‌గా మార్చాలి. మీ డెస్క్‌టాప్, ఫైళ్లు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్‌లో "అదర్ యూజర్స్"కి వెళ్లండి. విండోస్ 10లో దాని పేరు "ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్". అక్కడ కొత్త అకౌంట్ యాడ్ చేయండి. మెయిల్ ఐడీ అడిగితే, ఆ వ్యక్తి సైన్ ఇన్ వివరాలు లేవు అనే లింక్ నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యాడ్ చేసే లింక్ ఎంచుకోండి. పేరు, పాస్‌వర్డ్, మర్చిపోతే అడిగే మూడు ప్రశ్నలు ఇవ్వండి. అలా చేసింది ముందు స్టాండర్డ్‌గానే తయారవుతుంది. దాని కింద "చేంజ్ అకౌంట్ టైప్" నొక్కి అడ్మినిస్ట్రేటర్ చేయండి. తర్వాత పాత అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయి, కొత్తదాంట్లోకి ఒకసారి వెళ్లి చూడండి. ఈ స్టెప్ మాత్రం వదలొద్దు. పాస్‌వర్డ్ పనిచేస్తోందని తేలాకే, అక్కడినుంచి పాత అకౌంట్‌ని స్టాండర్డ్‌కి మార్చండి.

ఇంటర్నెట్ అక్కర్లేని లోకల్ అకౌంట్ ఎందుకంటే, కోనసీమ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2022 మే చివర్లో జిల్లాలో నెట్ ఆపేసినప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి పరుగులు పెట్టిన రోజులు గుర్తున్నాయి కదా. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకోడానికి నెట్ కావాలి. లోకల్ అకౌంట్‌కి ఆ మూడు ప్రశ్నల జవాబులు చాలు. పాస్‌వర్డ్‌ని మాత్రం కంప్యూటర్‌కి స్టిక్కర్‌గా అంటించకుండా, కాగితం మీద రాసి బీరువాలో పొలం పాస్‌బుక్ పక్కన పెట్టండి. అది పోతే కంప్యూటర్‌కి మళ్లీ విండోస్ వేయాల్సిన పరిస్థితి రావచ్చు.

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఈ గొడవేం లేదు. చాలా కంపెనీలు అడ్మిన్ అధికారం ఉద్యోగికి ఇవ్వవు. చిన్న సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఐటీ టీమ్‌కి టికెట్ పెట్టాలి. ఆ పద్ధతి చూసి విసుక్కునే ఇంజినీరు బాబే, సెలవులకి ఇంటికొచ్చి నాన్నగారి కంప్యూటర్‌ని పాస్‌వర్డ్ లేని అడ్మిన్‌తో వదిలి వెళ్తున్నాడు.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నవాళ్లు ముందు ఆ "అదర్ యూజర్స్" పేజీనే తెరిచి చూడండి. మీకు తెలియని పేరుతో అడ్మిన్ అకౌంట్ ఒకటి పాత ఓనర్‌దో, రిపేర్ షాపుదో మిగిలి ఉండొచ్చు. దాన్ని తీసేయకుండా మీ అకౌంట్‌ని స్టాండర్డ్ చేస్తే, మీ కంప్యూటర్‌కి ఓనర్ వేరేవాళ్లవుతారు.