బూడిద వర్షమున నావికుల రక్షణ

సముద్రముపై సంచరించు ఓడలకు తుపానులు, అగ్ని ప్రమాదములు, అడుగున చిల్లు పడుట మున్నగు భయములు పూర్వమునుండియు కలవు. అవి కంటికి కనబడును, చెవికి వినబడును. అందువలన అనుభవశాలియైన నావికుడు ముందుగనే గుర్తించి జాగ్రత్తపడును. కాని ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున ఓడవారికి ఒక క్రొత్త భయము దాపురించినది. దానికి వాసన లేదు, రుచి లేదు, వేడిమి లేదు. అది ధూళిగానో నీటి తుంపరగానో ఓడపై వ్రాలి, చెక్కల సందులలోను తాళ్ల పేటలలోను దూరి, అచ్చట నుండియే మనుష్యుల దేహములకు హాని చేయును. అదియే రేడియో ధార్మిక ధూళి. దీనినుండి ఓడ సిబ్బందిని కాపాడు విద్య ఒక్కనాటిలో పుట్టినది కాదు. దాని వెనుక పెక్కుమంది నావికుల కష్టములును, ఒక పేద చేపల పడవ విషాదగాథయు కలవు.

1946వ సంవత్సరము జూలై మాసమున అమెరికా నౌకాదళమువారు పసిఫిక్ మహాసముద్రములోని మార్షల్ దీవులలో, బికినీ అను పగడపు దీవి యొద్ద రెండు అణుబాంబులను పరీక్షించిరి. అణుబాంబు తాకిడికి ఓడలు ఎంతవరకు నిలువగలవో తెలిసికొనుట వారి యుద్దేశము. అందుకై తొంబదికి పైగా ఓడలను ఆ మడుగులో లంగరు వేసి నిలిపిరి. జపానువారి నాగాటో, జర్మనులదైన ప్రింజ్ ఓయిగెన్ కూడ వానిలో నుండెను. ఈ కార్యమున పాల్గొన్నవారు సుమారు 42,000 మంది. జూలై 1వ తేదీన మొదటి బాంబును విమానమునుండి వేయగా అది గాలిలో ప్రేలెను. దాని ధూళి చాలవరకు ఆకాశమునకు లేచిపోవుటచే నావికులు త్వరలోనే ఓడలపైకి మరల పోగలిగిరి. జూలై 25వ తేదీన రెండవ బాంబును నీటిలో 27 మీటర్ల లోతున ప్రేల్చిరి. అప్పుడు సముద్రజలము గొప్ప స్తంభమువలె పైకి లేచి, మరల క్రింద పడి, దట్టమైన తుంపరగా మారి ఓడలన్నిటిని కప్పివేసెను. బాంబునుండి పుట్టిన రేడియో ధార్మిక పదార్థములు ఆ నీటితోనే ఓడలపై వ్రాలినవి.

పిమ్మట నావికులు ఆ ఓడలను కడుగుటకు పూనుకొనిరి. గొట్టములతో సముద్రపు నీరు చిమ్మిరి. సబ్బుతోను క్షారముతోను కుంచెలు పట్టి రుద్దిరి. మామూలు మురికియైనచో ఆ శ్రమకు వదలిపోయెడిదే. కాని ఈ మలినము రంగు పూతను, తుప్పును, డెక్కు చెక్కలను, తాళ్లను గట్టిగ పట్టుకొని వదలకుండెను. ఒక మనిషికి దినమునకు 0.1 రాంట్‌జెన్‌కు మించి కిరణములు సోకరాదని నియమము పెట్టియుండిరి. ఆ లెక్కచొప్పున కొన్ని ఓడలపై స్వల్పకాలము మాత్రమే నిలువ వీలయ్యెను. నావికుల రక్షణకు బాధ్యుడు కల్నల్ స్టాఫర్డ్ వారెన్ అను వైద్యుడు. పని ఆపివేయవలెనని ఆయన హెచ్చరించినను, కంటికి కనబడని అపాయమును నమ్ముట అధికారులకు కష్టమయ్యెను. అప్పుడాయన ఆ మడుగులో దొరకిన ఒక చేపను ఫోటో ఫలకముపై నుంచిన చిత్రమును వారికి చూపెను. వెలుతురు సోకకున్నను, ఆ చేప తన దేహములోని కిరణములచేతనే తన రూపమును ఫలకముపై ముద్రించుకొనియుండెను. ఆ చిత్రము ముందు వాదమునకు తావు లేకపోయినది. ఆగస్టు 10వ తేదీన కడుగు పని నిలిపివేయబడెను. మూడవ పరీక్షయు రద్దయినది.

ఈ అనుభవమువలన ఒక ముఖ్యమైన సత్యము బోధపడినది. ధూళి అంటుకొనిన పిమ్మట కడుగుట కంటె, అంటుకొనకుండ చేయుట మేలు. పొడి గోడకు పట్టిన సున్నము ఎంత రుద్దినను పోదు. నీరు పారుచున్న గోడపై పడిన సున్నము ఆ నీటితోనే జారిపోవును. ఈ సూత్రము ననుసరించి ఓడ పైభాగమునందంతటను గొట్టములు, చిమ్ము మూతులు అమర్చి, ధూళి రాక పూర్వమే సముద్రపు నీటిని ఎడతెగక పారించు పద్ధతిని కనుగొనిరి. దానికి తోడు తలుపులు, గాలి గొట్టములు మూసివేసి సిబ్బందిని లోపలి గదులకు పంపవలెను. ధూళి నిలిచిన పిదప పరికరములతో డెక్కును పరీక్షించి, అపాయకరమైన చోట్లకు గుర్తులు పెట్టవలెను. శుభ్రము చేయువారిని కొద్దిసేపటికొకసారి మార్చవలెను. వారు బూట్లను, దుస్తులను వెలుపలనే విడిచి, స్నానము చేసి, మరల పరీక్షింపబడిన పిమ్మటనే లోపలికి రావలెను. ఇట్టి విషయములను పరిశోధించుటకు శాన్‌ఫ్రాన్సిస్కోలో 1946లో నెలకొల్పబడిన నౌకాదళ ప్రయోగశాల 1969 వరకు పనిచేసినది.

ఈ విద్యకు నిజమైన పరీక్ష 1954వ సంవత్సరము మార్చి 1వ తేదీన వచ్చెను. ఆనాడు బికినీ యొద్ద ప్రేల్చిన హైడ్రజను బాంబు శక్తి సుమారు ఆరు మెగాటన్నులుండునని అనుకొనగా, అది 15 మెగాటన్నులై కూర్చుండెను. పొడియైన పగడపు రాయి బూడిదగా మారి దూరముననున్న అమెరికా ఓడలపై కురిసెను. వెంటనే సిబ్బందిని లోపలికి పంపి, ద్వారములు బిగించి, నీటి గొట్టములను విప్పిరి. ఉష్ణమండలపు వేడిలో గాలి ఆడని గదులలో వారు గంటలకొలది చెమటలు కార్చుచు కూర్చుండిరి. అయినను కొందరికి చర్మముపై కాలిన గాయములు కలుగకపోలేదు. ఆ పరీక్షల వరుసలోనే, దూరమునుండి నడుపుటకు వీలుగా సిద్ధపరచిన రెండు పాత సరకుల ఓడలను బూడిద పడుచోటికి పంపిరి. ఒకదానిపై నీరు పారించి, రెండవదానిని పొడిగా విడిచిరి. నీరు పారిన ఓడపై మలినము మిక్కిలి తక్కువగ నుండెను.

అదే ఉదయమున, బికినీకి తూర్పుగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున, జపాను దేశపు ‘దైగో ఫుకుర్యు మారు’ అను కొయ్య పడవ ట్యూనా చేపలు పట్టుచుండెను. దానిలో 23 మంది కలరు. అమెరికావారు ప్రకటించిన నిషిద్ధ ప్రాంతమునకు వారు వెలుపలనే యుండిరి. తెల్లవారకముందే పడమటి దిక్కు ఎర్రగా వెలిగినది. కొన్ని నిమిషములకు పెద్ద ధ్వని వినబడినది. రెండు గంటల పిమ్మట తెల్లని బూడిద రాలసాగెను. డెక్కుపై అడుగుల గుర్తులు పడునంతగా అది పేరుకొనెను. అదేమో వారెరుగరు. ఒకడు నాలుకపై వేసికొని రుచి చూచెను. జీవనాధారమైన గాలపు తాళ్లను విడిచి పోలేక, గంటలకొలది ఆ బూడిదలోనే నిలిచి వానిని లాగికొనిరి. తరువాత డెక్కును, ఒడలిని సముద్రపు నీటితో కడుగుకొనిరి గాని, తలవెండ్రుకలలోను తాళ్లలోను బూడిద మిగిలియే యుండెను. త్వరలోనే వాంతులు మొదలయ్యెను. తరువాత చర్మము పొక్కినది, జుట్టు ఊడినది. మార్చి 14వ తేదీన వారు యైజు రేవు చేరిరి. రేడియో ఉద్యోగియైన కుబోయామా ఐకిచి ఆ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన, నలుబది యేండ్ల వయస్సున మరణించెను.

దినము ఒక్కటే, బూడిద ఒక్కటే. ఒక చోట తలుపులు మూయుమని చెప్పువారుండిరి. రెండవ చోట చెప్పువారు లేరు. జపాను చేపలవారు ధైర్యమునగాని, పనితనమునగాని తక్కువవారు కారు. వారికి కరవైనది తెలివిడి మాత్రమే. ఆ తెలివిడి రహస్యముగా దాచబడియుండెను. ఆ యేడు మే మాసమున జపాను ప్రభుత్వము ‘షుంకొత్సు మారు’ అను ఓడలో శాస్త్రజ్ఞులను బికినీ సముద్రమునకు పంపగా, అచ్చటి నీటిలోను చేపలలోను రేడియో ధార్మికత కలదని వారు నిరూపించిరి.

ఈ విషాదము భారతదేశమును కూడ కదలించెను. 1954 ఏప్రిల్ 2వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో మాటలాడుచు, అట్టి పరీక్షలను వెంటనే నిలిపివేయు ఒప్పందము కావలెనని ప్రతిపాదించెను. గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణ్వస్త్ర పరీక్షలను నిషేధించు సంధి 1963లో కుదిరినది. భారతదేశమును దానిపై సంతకము చేసినది.

2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రము చెడినప్పుడు, సుమారు 160 కిలోమీటర్ల దూరమున సహాయకార్యములో నున్న అమెరికా ఓడ రోనాల్డ్ రీగన్‌కు చెందిన హెలికాప్టరులలోని 17 మందిపై స్వల్పముగా మలినము కనబడెను. సబ్బుతోను నీటితోను వారిని శుభ్రపరచి, ఓడను దూరముగా తరలించిరి; తరువాత డెక్కును కడిగిరి. బికినీలో కష్టపడి నేర్చిన పాఠమే అచ్చట అక్కరకు వచ్చినది.

దైగో ఫుకుర్యు మారును పిమ్మట శుభ్రపరచి, పేరు మార్చి, మత్స్యవిద్యార్థుల శిక్షణకు వినియోగించిరి. 1967లో అది పనికిరానిదై తోకియో నగరపు చెత్త దిబ్బల యొద్ద పడియుండగా ప్రజలు గుర్తించి, శిథిలము కాకుండ కాపాడిరి. 1976 నుండి అది ప్రదర్శనశాలలో నిలిచియున్నది. ఆ పడవవారికి ఆనాడు తెలియని సంగతిని, నేడు దానిని చూడవచ్చిన బడిపిల్లలు చదివి తెలిసికొనుచున్నారు.