ఇందర్ సభ నుంచి బందరు దాకా



మా బసంత్‌నగర్‌లో కొందరు దోస్తులు కలిసి ఈ చలికాలానికి పాటల నాటకాలు వేయాలని తయారవుతున్నారు. సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ దిగినవాళ్లు, గోదావరిఖని బాయి మీద పని చేసేవాళ్లు, ఇద్దరు పంతుళ్లు. రాత్రి పూట హార్మోనియం ముందేసుకుని రియాజ్ చేస్తున్నారు. మా బేటీ గొంతు బాగుంటుందని, తెర వెనక నుంచి రెండు పాటలు పాడమని అడిగారట. పిల్ల ఇంటికొచ్చి ఖుషీగా చెప్పింది. మా ఫుప్పూ చాయ్ కప్పు కింద పెట్టి, "అది వాళ్ల ఆట బేటా, మనకేం వాస్తా?" అన్నది.

ఆడపిల్ల పాడాలా వద్దా, మజహబ్ ఏమంటుంది అన్నది వేరే సవాల్. ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు ఉంటుంది, నేను దాని జోలికి పోను. కానీ "వాళ్ల ఆట" అన్న మాట నాకు గుచ్చుకుంది. అది తారీఖ్‌కు సంబంధించిన మాట. తారీఖ్ అట్లా చెప్పదు.

కిస్సా లక్నో నుంచి మొదలుపెడదాం. అవధ్ నవాబు వాజిద్ అలీ షాకు పాటంటే, ఆటంటే ప్రాణం. 1843లో ఆయన "రాధా కన్హయ్యా కా కిస్సా" రాసి ఆడించాడు. రాసింది ముసల్మాన్ నవాబు, కథ రాధాకృష్ణులది. మరో పదేళ్లకు అదే లక్నోలో ఆగా హసన్ అమానత్ "ఇందర్ సభ" రాశాడు. ఇంద్రుడి దర్బారు, పరీలు, ఒక షహజాదా. కథ చిన్నదే, నడిపేదంతా గానమే. అందులో గజళ్లున్నాయి, ఠుమ్రీలున్నాయి, హోలీ పాటలున్నాయి, బసంత్ పాటలున్నాయి. ఊరి పేరులోనే బసంత్ ఉన్న మనకు ఈ సంగతి తెలియకపోతే ఎట్లా?

1856లో అంగ్రేజులు వాజిద్ అలీ షాను తఖ్తు దింపారు. నవాబీ పోయినా ఆ ఆట పోలేదు. బొంబాయిలో పార్సీ షేట్లు దాన్ని అందుకున్నారు. 1868లో విక్టోరియా నాటక కంపెనీ పెట్టారు. మాలిక్‌లు పార్సీలు, రాసే మున్షీలు ఎక్కువగా ముసల్మానులు, జబాన్ ఉర్దూ, చూసే ఆవామ్‌లో అందరూ. 1872లో సాలార్‌జంగ్ దావత్ ఇస్తే ఆ కంపెనీ మన హైదరాబాదుకే వచ్చి ఆడింది. ఆ రోజుల్లో రంగుల పర్దాలు, పెట్టి తాళం, మాట మధ్యలో పాట చూసినవాళ్లు ఎంత హైరాన్ అయ్యారో మనం అందాజ్ చేసుకోవచ్చు.

ఇప్పుడు తెలుగు వైపు వద్దాం. ఇక్కడే నన్ను కదిలించిన పేరు ఒకటుంది: నాదెళ్ళ పురుషోత్తమ కవి (1863–1938). మచిలీపట్నంలో 1880ల నడుమ ఆయన ముప్పైకి పైగా నాటకాలు రాశాడు. అవి తెలుగులో కాదు, హిందుస్తానీలో. కథలు ఎక్కువగా పురాణాలవే. ఆ హిందుస్తానీని ఆయన తెలుగు లిపిలో రాశాడు. ఆడినవాళ్లు తెలుగువాళ్లు, చూసినవాళ్లూ తెలుగువాళ్లే. అంటే బందరు జనం మన జబాన్‌లో హరికథలాంటి కథలను టిక్కెట్టు కొనుక్కుని చూశారు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. మన మాటలను తెలుగు అక్షరాల్లో రాస్తుంటే, "ఇదేం ఖిచిడీ?" అని రెండు వైపుల నుంచీ విన్నాను. ఈ ఖిచిడీ నేను వండింది కాదు. నాకంటే నూటముప్పై ఏళ్ల ముందే బందరులో ఒక తెలుగు కవి పొయ్యి మీద పెట్టాడు.

తెలుగు నాటకం తన కాళ్ల మీద నిలబడ్డాక కూడా ఈ రిష్తా తెగలేదు. 1880లలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పద్యాన్నీ పాటనూ పెంచాడు. హిందుస్తానీ రాగాలు పద్యం చెప్పే తీరులో కలిసిపోయాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచకవధ"తో మొదలైన సురభివాళ్లు ఆడవాళ్లను తొలినాళ్ల నుంచీ రంగం మీదికి తెచ్చారు. ఒకే ఖాందాన్, తాత నుంచి మనుమరాలి దాకా అందరూ ఆడేవాళ్లే. వాళ్ల రంగుల తెరలు, గాలిలో ఎగిరే వేషాలు చూస్తే పార్సీ కంపెనీల హునర్ యాదికొస్తుంది.

అన్నీ మీఠీ మాటలే చెప్పను. తారీఖీ నాటకాల్లో ముసల్మాన్ వేషమంటే చాలాసార్లు జాలిమ్ సుల్తాన్, కాకపోతే వంకర తెలుగు మాట్లాడి నవ్వించే సిపాయి. ఆ దర్ద్ నిజం. కానీ అదే రంగం మీద బళ్లారి రాఘవ పఠాన్ రుస్తుం వేషం వేసి పేరు తెచ్చుకున్నాడు. అదే కాలంలో పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) తెలుగు పద్యాలతో "మణిమాల", "కళ" లాంటి నాటకాలు రాశాడు. ఆయన సూఫీ పీఠానికి పెద్ద, ఢిల్లీ శాసనసభలో సభ్యుడు, ఫార్సీ నుంచి ఖయ్యాం రుబాయీలను నేరుగా తెలుగు చేసినవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల ఇంటి బిడ్డ. నాటకాల్లో ఆడి, తరువాత బుర్రకథను ఊరూరా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన జీవితకథ పేరు "పింజారి". తన కౌమ్ పేరు దాచుకోలేదు, దాన్నే కితాబు మీద రాయించుకున్నాడు.

ఇవన్నీ ఆ రాత్రి ఫుప్పూ దగ్గర కూర్చుని చెప్పాను. నవాబు రాధాకృష్ణుల కిస్సా రాశాడంటే "సచ్?" అన్నది. నాజర్ పేరు చెప్పగానే ఆమె ముఖం మారింది. చిన్నప్పుడు రేడియోలో ఆయన బుర్రకథ వస్తే వాళ్ల అబ్బా పొయ్యి దగ్గరున్న అమ్మీని కూడా పిలిచి కూర్చోబెట్టేవాడట. "ఆయన మనోడే అని అబ్బా చెప్పేవాడు" అన్నది.

బేటీ పాడుతుందా లేదా అన్నది ఇంకా ఇంట్లో తేలలేదు. వాళ్ల అమ్మీ మాట కూడా కావాలి. కానీ "వాళ్ల ఆట" అన్న మాట మాత్రం మా ఇంట్లో మళ్లీ రాలేదు. మీ ఇంట్లో వస్తే, బందరు నాదెళ్ళ కవి పేరు చెప్పండి. చలికాలంలో మీ ఊళ్లో ఎవరైనా నాటకం వేస్తే, పిల్లల్ని తీసుకుని వెళ్లి ముందు వరసలో కూర్చోండి. వెనక నిలబడి చూడాల్సిన మెహమాన్‌లం కాదు మనం.

ఖుదా హాఫిజ్.