మూడు గంటల ఇరవై నిమిషాల నలభై అయిదో సెకను

2015 సెప్టెంబర్ 14, సోమవారం. వినాయక చవితికి ఇంకా మూడు రోజులుంది. గోదావరి పుష్కరాలు ముగిసి రెండు నెలలు నిండలేదు. బస్తర్ దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మరైగూడలోంచి ఆ మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాల 45 సెకన్లకు ఒక అల సాగిపోయింది. ఇళ్లలోంచి, అడవిలోంచి, మనుషుల ఒంట్లోంచి. సెకనులో అయిదో వంతు సేపు, అంతే. ఆ కాస్త సేపూ భూగోళమంతా ఒక వైపు సాగి మరో వైపు కుంచించుకుంది. దాదాపు 12,700 కిలోమీటర్ల భూమి వ్యాసంలో వచ్చిన తేడా ఒక పరమాణు కేంద్రకమంత!

మరైగూడలో ఎవరికీ తెలియలేదు. భద్రాచలంలోనూ, హైదరాబాదులోనూ అంతే. ప్రపంచంలో రెండే రెండు చోట్ల దాన్ని పట్టుకున్నారు. ఆ రెండూ అమెరికాలోనే ఉన్నాయి.

లూసియానా రాష్ట్రంలోని లివింగ్‌స్టన్‌లో అప్పటికి తెల్లవారుజాము 4 గంటల 50 నిమిషాలు. పైన్ చెట్ల మధ్య నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాలు లంబకోణంలో పరుచుకుని ఉంటాయి. లోపల గాలి ఉండదు. లేజర్ కాంతి చివర్ల దాకా వెళ్లి, సన్నని గాజు తీగలకు వేలాడే 40 కిలోల అద్దాల మీద పడి తిరిగొస్తుంది. ఒక గొట్టం దారి రెండోదానికంటే రవ్వంత పెరిగినా కాంతిలో తేడా కనిపిస్తుంది. ఆ కేంద్రం పేరు లైగో. అది పట్టేది గురుత్వ తరంగాలను; ఆ రోజు వచ్చిన అల అలాంటిదే.

ఆ రాత్రి రాబర్ట్ స్కోఫీల్డ్, అనమరియా ఎఫ్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడే ఉండి పరీక్షలు చేశారు. బయటి చప్పుళ్లు, కంపనాలు యంత్రాన్ని ఎంత కదిలిస్తాయో తేల్చడం వాళ్ల పని. అందుకోసం తామే కావాలని అలజడి పుట్టిస్తారు. నాలుగయ్యేసరికి అలసిపోయారు. చేయాల్సింది కొంత మిగిలినా ఇక చాలనుకుని ఆపేశారు. అల వచ్చింది ఆ తర్వాత గంటలోపే. ఇంకాసేపు పట్టుబట్టి పరీక్షలు సాగించి ఉంటే ఆ సంకేతం వాళ్లు పుట్టించిన అలజడిలో కలిసి పనికిరాకుండా పోయేది. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే. నూట ముప్పై కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన అల అది!

అల మొదట లివింగ్‌స్టన్‌ను తాకింది. సెకనులో వెయ్యో వంతులు ఏడు గడిచాక, మూడు వేల కిలోమీటర్ల దూరంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో ఉన్న రెండో లైగో కేంద్రాన్ని తాకింది. నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో సుమారు 400వ వంతు.

దాన్ని ముందుగా చూసింది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడ మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఇటలీకి చెందిన యువ శాస్త్రవేత్త మార్కో డ్రాగోకు కంప్యూటర్ తనంతట తాను పంపిన ఈమెయిల్ వచ్చింది. గ్రాఫు అతిగా చక్కగా ఉంది. అందుకే ఆయన నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణముంది. 2010లో ఇలాగే సంకేతం కనిపిస్తే వందలాది మంది నెలల తరబడి పనిచేసి పత్రం కూడా రాసుకున్నారు. 2011 మార్చిలో అసలు సంగతి దాచిన కవరు విప్పి చూపితే, అది తమను పరీక్షించడానికి రహస్యంగా చొప్పించిన దొంగ సంకేతమని తేలింది. డ్రాగో తోటి శాస్త్రవేత్త ఆండ్రూ లండ్‌గ్రెన్ దగ్గరికి వెళ్లారు. ఇద్దరూ అమెరికాకు ఫోన్ చేశారు. లివింగ్‌స్టన్‌లో ఎత్తారు. అంతా మామూలుగానే ఉందన్నారు. ఈసారి ఎవరూ ఏదీ చొప్పించలేదు.

తర్వాత అయిదు నెలలు లెక్కలే లెక్కలు. చివరికి తేలింది ఇదీ: సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. మిగిలింది 62 రెట్లు. తక్కువైన ఆ మూడు సూర్యుల బరువూ అలలుగా మారిపోయింది. ఇలా కుదుపుకు లోనైన కృష్ణబిలం కొట్టిన గంటలా మోగి క్రమంగా సద్దుమణుగుతుందని 1970లోనే లెక్కగట్టింది మన బెంగళూరువాడు సి.వి. విశ్వేశ్వర. 2016 ఫిబ్రవరి 11న ఫలితం ప్రకటించినప్పుడు ఆయన జీవించే ఉన్నారు. మరుసటి జనవరిలో కన్నుమూశారు.

ఈ వేటలో తెలుగు ఇంటిపేరూ ఒకటుంది. ఇలాంటి అలలు ఏ గెలాక్సీల నుంచి రావచ్చో చూసుకోవడానికి లైగో వాడిన పట్టికను 2008లో ప్రచురించిన బృందంలో మొదటి పేరు రవికుమార్ కొప్పరపు. సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాల లోపలి గెలాక్సీలు, 38 వేలకు పైగా, అందులో ఉన్నాయి. తొలి అల వచ్చింది మాత్రం అంతకు నాలుగు రెట్ల దూరం నుంచి.

రెండు కేంద్రాలతో అల ఉనికి తెలిసింది గానీ, ఏ దిక్కు నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పలేకపోయారు. దక్షిణాకాశంలో పెద్ద ముక్కను చూపించి ఊరుకోవాల్సి వచ్చింది. భూమికి ఇటువైపు కూడా ఒక యంత్రం ఉంటే దిక్కు మరింత కచ్చితంగా తెలుస్తుంది. లైగో ఇండియా అనే ఆ కేంద్రం కోసం మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్‌ను ఎంచుకున్నారు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. సుమారు 2,600 కోట్ల రూపాయల ఖర్చుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. తొలి సూత్రప్రాయ అనుమతికీ దీనికీ మధ్య ఏడేళ్లు గడిచిపోయాయి. ఇంత ఆలస్యం తగనిది.

ఆ కేంద్రానికి భౌతికశాస్త్రం చదివినవాళ్లు మాత్రమే చాలరు. ఎనిమిది కిలోమీటర్ల గొట్టాన్ని గాలి చొరకుండా అతికే వెల్డర్లు, లేజర్లు తెలిసినవాళ్లు, కంప్యూటర్ మీద సంకేతాలు వెతికేవాళ్లు కావాలి. భద్రాచలంలోనో, కుంటలోనో, ఆదిలాబాద్‌లోనో ఐటీఐ, ఇంటర్ చదువుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే లైగో ఇండియా పేరు వాళ్లకు చెప్పండి.