అప్పులేని ప్రయాణం: మలయా వలస నిధి, యజమాని సుంకం (1907–1938)

ఉపోద్ఘాతం

విదేశీ శ్రామికులను పనిలో పెట్టుకొనే సంస్థల నుంచి ప్రభుత్వం తప్పనిసరిగా వసూలు చేసే లెవీని ఇటీవలి కాలపు ఆర్థిక విధానంగా భావించడం పరిపాటి. సింగపూర్, మలేసియా, సౌదీ అరేబియాలలో గత నాలుగు దశాబ్దాలుగా రూపొందిన విధానాలు ఈ భావనకు కారణం. కాని దక్షిణ భారత శ్రామికుల వలస చరిత్రలో ఇటువంటి సుంకం 1907 నాటికే చట్టరూపం ధరించింది. ఆ సంవత్సరం బ్రిటిష్ మలయాలో ఏర్పడిన వలస నిధి స్వరూపాన్ని, అందులో తెలుగు శ్రామికుల స్థానాన్ని, ఆ నిధి వలన వారికి ఒనగూడిన మేలునూ దాని పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సుంకానికి పూర్వం

పందొమ్మిదో శతాబ్దిలో మలయా తోటలకు కూలీలు రెండు మార్గాలలో చేరేవారు. ఒకటి ఒప్పంద కూలీ పద్ధతి. నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పందం రాసిన కూలీ ఆ గడువు తీరేవరకు యజమానికి కట్టుబడి ఉండేవాడు. రెండవది కంగాణి పద్ధతి. తోటలో పనిచేస్తున్న ఒక పెద్ద కూలీ యజమాని వద్ద పైకం తీసుకొని స్వగ్రామానికి వచ్చి, బంధువులను, ఊరివారిని వెంటబెట్టుకొని వెళ్ళేవాడు. కంగాణి అనేది కన్నుకు సంబంధించిన తమిళ పదం. కనిపెట్టి ఉండేవాడని దాని అర్థం. తెలుగు జిల్లాల నుంచి బర్మాకు సాగిన వలసలో ఇదే పాత్ర పోషించినవాడిని మేస్త్రీ అన్నారు. ఇది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట.

రెండు మార్గాలలోనూ ప్రయాణ ఖర్చు కూలీ తలపై అప్పుగా మిగిలేది. యజమానులకు మరొక చిక్కు ఉండేది. ఒక తోట ఖర్చుపెట్టి రప్పించిన కూలీని పక్క తోటవారు కొంచెం ఎక్కువ కూలి ఆశ చూపి లాగుకొనేవారు. ఖర్చు ఒకరిది, ఫలం వేరొకరిది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో రబ్బరు సాగు వేగంగా విస్తరించి కూలీల అవసరం పెరగడంతో ఈ చిక్కు మరింత ముదిరింది.

1907 చట్టం

తమిళ వలస నిధి శాసనం ఈ పరిస్థితికి సమాధానంగా వచ్చింది. దక్షిణ భారత శ్రామికులను నియమించిన ప్రతి యజమానీ, తాను స్వయంగా కూలీలను రప్పించినా రప్పించకపోయినా, మూడు నెలలకొకసారి సుంకం చెల్లించాలని అది నిర్దేశించింది. కూలీలు పనిచేసిన మొత్తం దినాలను బట్టి సుంకాన్ని లెక్కకట్టేవారు. ఇతరులు రప్పించిన కూలీలతో లాభపడే యజమాని సైతం రప్పించే ఖర్చులో భాగం పంచుకోక తప్పలేదు.

వసూలైన సొమ్ము ప్రభుత్వ సాధారణ ఆదాయంలో కలవలేదు. వలస సంఘం ఆధీనంలో ప్రత్యేక నిధిగా నిలిచింది. స్వగ్రామం నుంచి రేవు వరకు రైలు ఛార్జీ, ఆవడి, నాగపట్నం శిబిరాలలో భోజనం, ఓడ ప్రయాణం, మలయా రేవులో క్వారంటైన్, లైసెన్సు పొందిన కంగాణికి కమిషన్ వంటి ఖర్చులన్నీ ఈ నిధి భరించింది. తరువాతి కాలంలో వృద్ధులను, పనిచేయలేనివారిని స్వదేశానికి పంపే ఖర్చు కూడా దీనిదే అయింది.

దీని ఫలితాలలో ముఖ్యమైనది కూలీ ప్రయాణపు అప్పు లేకుండా మలయాలో అడుగుపెట్టడం. ఒక నెల ముందుగా తెలియజేసి పని మానుకొనే హక్కు కాగితంపై కాక ఆచరణలో కూడా కొంతవరకైనా సాధ్యపడటానికి ఇదే ఆధారం. ఈ ఏర్పాటు కుదురుకున్నాక 1910లో మలయాకు ఒప్పంద కూలీల నియామకం నిలిచిపోయింది.

తెలుగు శ్రామికులు

చట్టం పేరులో తమిళం ఉన్నా నిధితో రేవు దాటినవారిలో తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్ళిన కుటుంబాలు దిగువ పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటలలోను, కెడా తదితర ప్రాంతాల తోటలలోను స్థిరపడ్డాయి. దక్షిణ భారత కూలీని తమిళుడిగా వ్యవహరించే పరిపాలనా అలవాటు తెలుగువారి వలసను చాలాకాలం దస్త్రాలలో కనబడకుండా చేసింది. నిధి పేరు తరువాత భారతీయ వలస నిధిగా మారినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

నిధి విలువ తెలియాలంటే అదే కాలంలో అవే తెలుగు జిల్లాల నుంచి బర్మాకు సాగిన వలసతో పోల్చి చూడాలి. రంగూన్ వెళ్ళే కూలీకి మేస్త్రీయే ప్రయాణ ఖర్చు పెట్టి, తరువాత కూలిలోంచి రాబట్టుకొనేవాడు. యజమానులు ఉమ్మడిగా భరించే నిధి అక్కడ లేదు. అందువలన కూలీ మేస్త్రీకి రుణపడి పని మొదలుపెట్టేవాడు. ఒకే ఊరి నుంచి బయలుదేరిన ఇద్దరిలో ఒకడు అప్పుతో, మరొకడు అప్పు లేకుండా సముద్రం దాటడానికి ఈ సుంకమే ముఖ్య కారణం.

నిధిపై అధికారం

అయినా ఈ నిధిని శ్రామిక సంక్షేమ సంస్థగా వర్ణించడం సరికాదు. వలస సంఘంలో ప్రధానంగా అధికారులు, తోటల యజమానులు ఉండేవారు. ఎందరిని, ఎప్పుడు రప్పించాలన్నది వారి నిర్ణయం. కూలీల సరఫరాను తమకు అనుకూలంగా నియంత్రించగలిగినవారు కూలి రేట్లను కూడా అదుపులో ఉంచగలిగారు. అప్పు నుంచి కూలీని విడిపించిన సుంకమే అతని బేరమాడే శక్తిని పరిమితం చేసింది.

ఆర్థిక మాంద్యం ఈ ద్వంద్వ స్వభావాన్ని స్పష్టం చేసింది. 1930లో రబ్బరు ధర పడిపోగానే నియామకం ఆగింది. అంతవరకు మనుషులను రప్పించిన యంత్రాంగమే వారిని తిప్పి పంపసాగింది. 1930–33 మధ్య లక్షకు పైగా భారతీయులు మలయా విడిచి వెళ్ళారు. తిరుగు ప్రయాణానికి డబ్బు చేతలేని కూలీకి ఇది ఆసరా. నిరుద్యోగ భారాన్ని వారి స్వగ్రామాలకు బదిలీ చేయడం యజమానులకు సౌలభ్యం.

వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి మలయా పర్యటించి 1937లో నివేదిక సమర్పించారు. మరుసటి ఏడాది తోటల యజమానులు పురుషుల దినకూలిని 50 సెంట్ల నుంచి 45 సెంట్లకు తగ్గించారు. దానితో భారత ప్రభుత్వం 1938లో మలయాకు సహాయ వలసను నిషేధించింది. సరఫరా ద్వారా కూలిని నిర్ణయించే అధికారానికి మొదటిసారి బయటినుంచి అడ్డుకట్ట పడింది.

నిధి మాత్రం అంతరించలేదు. 1958లో దక్షిణ భారత శ్రామిక నిధిగా రూపాంతరం చెంది, 1999లో మలేసియా పార్లమెంటు చట్టంతో రద్దయింది.

ఆధునిక లెవీతో తులన

1980 దశకంలో సింగపూర్, 1990 దశకంలో మలేసియా ప్రవేశపెట్టిన లెవీల ఉద్దేశం వేరు. 1907 సుంకం శ్రామికులను రప్పించడానికి. ఇవి వారి సంఖ్యను అదుపు చేయడానికి. ఆ సొమ్ము ప్రత్యేక నిధికి చేరితే, ఈ సొమ్ము ఖజానాకు చేరుతుంది. లెవీని శ్రామికుడి నుంచి రాబట్టరాదని సింగపూర్ చట్టం నిషేధించింది. మలేసియాలో 2013లో జీతం నుంచి కోత విధించడానికి అనుమతించి, 2018 నుంచి తిరిగి యజమానిపైనే భారం ఉంచారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల శ్రామికులు ఎందరో వెళ్ళే సౌదీ అరేబియాలో 2018లో తలకు నెలకు 300 లేదా 400 రియాళ్ళుగా ఉన్న లెవీ 2020 నాటికి 700, 800 రియాళ్ళకు చేరింది. ఈ లెవీలలో ఏదీ శ్రామికుడి ప్రయాణ ఖర్చుకు ఉద్దేశించినది కాదు. ఏజెంటుకు కట్టే డబ్బు కోసం అప్పుచేసి విమానమెక్కే గల్ఫ్ శ్రామికుడి స్థితి, ఈ ఒక్క విషయంలో, మలయా కూలీకన్నా బర్మా కూలీకే దగ్గరగా ఉంది.

ముగింపు

యజమాని సుంకాన్ని అంచనా వేయడానికి మలయా అనుభవం మూడు ప్రశ్నలను అందిస్తుంది: సొమ్ము ఎవరు చెల్లించారు, అది ఎక్కడ ఖర్చయింది, ఆ ఖర్చును ఎవరు నిర్ణయించారు. మొదటి రెండింటికీ 1907 చట్టం శ్రామికుడికి అనుకూలమైన సమాధానమే ఇచ్చింది. మూడోదానిలో విఫలమైంది. శ్రామికుడికి చోటులేని సంఘం చేతిలో ఉన్నంతకాలం అప్పులేని ప్రయాణం తక్కువ కూలికి దారి తీసింది. అయినా వలస ఖర్చును దానివలన లాభపడే యజమానులందరూ ఉమ్మడిగా భరించాలన్న సూత్రం నూరేళ్ళ క్రితమే ఆచరణసాధ్యమని తేలింది. తెలుగు వలస చరిత్రను కష్టాల కథనంగానే కాక, చట్టాల చరిత్రగా కూడా చదవవలసిన అవసరాన్ని ఈ నిధి గుర్తుచేస్తుంది.