పురిటికొచ్చే తాబేలు

పురిటికి పుట్టింటికెళ్ళేది మన ఆడపిల్లలే అనుకునేదాన్ని. కాదట! సముద్రపు తాబేలూ అంతే. ఎన్నేళ్ళు ఎక్కడ తిరిగినా, తాను పుట్టిన తీరం వైపే వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది.

ఒడిశాలోని గహిర్మాథాకి ఇలా వేలకు వేలు వస్తాయని శాస్త్రజ్ఞుల లోకానికి తెలిసింది 1974లో. ఊళ్ళవాళ్ళకి మాత్రం ముందే తెలుసు. పడవల నిండా గుడ్లు ఎత్తుకెళ్ళి అమ్మేవారు. అందుకు లైసెన్సులుండేవి కూడా! తల్లి తాబేళ్ళనే పట్టి మాంసానికి కలకత్తా పంపేవారు. తర్వాత చట్టం అడ్డుపడింది. 1997లో ఆ సముద్రమే అభయారణ్యమైంది.

అయినా గండాలు తీరలేదు. తాబేలుకీ మనలాగే గాలి కావాలి. ట్రాలరు వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది. పిల్లలేమో వెలుగు కనిపించిన వైపే పాకుతాయి. ఒడ్డున దీపాలుంటే సముద్రమనుకుని రోడ్డెక్కుతాయి. పొదగని గుడ్లు సైతం ఇసుకతిన్నెల మీది మొక్కలకి ఎరువు. ఆ మొక్కలే తీరాన్ని కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి.

మన కోస్తాకీ వస్తాయవి. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దణ్ణం పెట్టే వాళ్ళం కదా! పురిటికొచ్చిన ఈ ఆడపడుచు చీరా సారె అడగదు. కాస్త చీకటి, శుభ్రమైన ఇసుక ఇస్తే చాలు.